చీపురు ఎవరి చేతిలో?

పాఠశాల గదిలో ఒక వస్తువు ఏ క్షణాన చెత్త అవుతుంది? చెక్కుతున్నంతసేపు పెన్సిలు పొట్టు పెన్సిలులోని భాగమే. నేలమీద రాలిన మరుక్షణం అది చెత్త. లెక్క తప్పిన కాగితం పుస్తకంలో ఉన్నంతవరకు ఒక విద్యార్థి పడిన శ్రమకు సాక్ష్యం. ఉండచుట్టి మూలకు విసరినప్పుడు అదీ చెత్తే. వస్తువులో మాత్రం ఏ మార్పూ రాలేదు. కాగితం కాగితంగానే ఉన్నది, పొట్టు కొయ్యగానే ఉన్నది. పోయినవి రెండే: దాని పేరు, దాని యజమాని. మూలన చేరిన కుప్పలో అరటితొక్కకు, సుద్దముక్కకు, చినిగిన అట్టకు, పాలిథీన్ సంచికి అన్నిటికీ ఒకటే పేరు. ఆ కుప్ప నాది అని చెప్పేవాడు తరగతి మొత్తంలో ఒక్కడైనా ఉండడు.

పేరు పోవడమనేది వస్తువులతో ఆగదు. ఆ కుప్పను ఎత్తే మనిషికి కూడా అనేక పాఠశాలలలో పేరు ఉండదు. ఉపాధ్యాయుణ్ణి పేరుతోనో, చెప్పే పాఠంతోనో పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. ఊడ్చే మనిషిని ఊడ్చే పనితోనే పిలుస్తారు. పాఠశాలలో చెత్తను తగ్గించడాన్ని గూర్చి, పారవేసినదానిని తిరిగి వాడుకలోకి తేవడాన్ని గూర్చి ప్రస్తావన రాగానే తొట్లు, వాటి రంగులు, గోడమీది నినాదాలు చర్చకు వస్తాయి. అవి అవసరమైనవే. కాని భారతదేశంలో ఈ విషయానికి అడుగున మరొక ప్రశ్న ఉన్నది. చెత్తను ఎవరు ఎత్తాలి? పిల్లలచేత ఎత్తించడం న్యాయమా? న్యాయమే అయితే, ఏ పిల్లలచేత? ఈ ప్రశ్నను తప్పించుకుని తొట్టి రంగును ఎంత శ్రద్ధతో నిర్ణయించినా, ఆ శ్రద్ధ పైపూతగానే మిగిలిపోతుంది.

భాషలు ఈ విషయంలో మనుషులకంటె నిజాయితీగా ఉన్నవి. తెలుగులో పెంట అంటే ముక్కు మూసుకోవలసిన కుప్పా అదే, బండికెత్తి పొలానికి తోలుకునే సారమూ అదే. ఎరువు అన్న మాట మరింత ఆలోచింపజేస్తుంది. నేలకు వేసేదీ ఎరువే. ఇరుగుపొరుగునుండి తెచ్చుకుని తిరిగి ఇవ్వవలసినదీ ఎరువే. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెతలో పలికేది రెండవ అర్థం. రెండు మాటల పుట్టుక వేరు కావచ్చును. చెవికి మాత్రం అవి ఒకటే, నేలనుండి తీసుకున్నదానిని నేలకు తిరిగి చేర్చే రైతుకు బహుశా భావంలోనూ ఒకటే. హిందీలో పాతకాగితాన్ని రద్దీ అంటారు. తెలుగువాడు ఆ ధ్వని వినగానే రైల్వేస్టేషనులోని జనసమ్మర్దాన్ని తలచుకుంటాడు. ఆ హిందీ మాటకు తెలుగులో ఉన్న చుట్టం రద్దు, అంటే కొట్టివేత. ఇటువంటివి అనువాదకులకు చిన్న చిక్కులు. పెద్ద చిక్కు జూఠన్ అన్న మాటతో వస్తుంది. తెలుగులో దానికి ఎంగిలి అనడం కంటె వేరు దారి లేదు. కాని ఎంగిలి ఒక స్థితి, నోరు తాకినందువల్ల వచ్చే స్థితి. జూఠన్ ఒక వస్తువు: ఒకరు తిని లేచిన తరువాత విస్తరిలో మిగిలి, మరొకరికి ఆహారంగా వెళ్ళే వస్తువు.

ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో వెలువరించిన ఆత్మకథకు ఆ మాటే పేరు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా బర్లా గ్రామంలో, ఊరి మలినమంతా ఎత్తవలసినదిగా విధింపబడిన కులంలో ఆయన పుట్టినారు. ఊళ్ళో పెళ్ళి జరిగితే విస్తళ్ళలో మిగిలిన పూరీ ముక్కలను ఆ కుటుంబాలవారు పోగుచేసుకునేవారు. ఎండబెట్టి, పని దొరకని వానకాలపు రోజులకు దాచుకునేవారు. అప్పుడు వాటిని నీళ్ళలో ఉడికించి ఉప్పుకారాలు చేర్చి తినేవారు. వ్యర్థం కానీయకుండా తిరిగి వాడుకోవడమన్న గుణానికి ఇంతకంటె పరిపూర్ణమైన ఉదాహరణ దొరకదు. ఒక్క ముక్క కూడా పోలేదు. అయినా ఈ దృశ్యాన్ని పొదుపును గూర్చిన పాఠంగా తరగతిలో చెప్పగల ఉపాధ్యాయుడు ఉంటాడా? ఉండడు, ఉండకూడదు. అంటే పునర్వినియోగమన్నది స్వతహాగా ఒక సుగుణం కాదన్నమాట. ఎవరు పారవేసినారు, ఎవరు తిరిగి వాడుకుంటున్నారు, ఆ ఇద్దరి నడుమ ఉన్న సంబంధమేమిటి అన్నది తేలిన తరువాతనే అది గుణమో, అన్యాయమో తెలుస్తుంది.

అదే పుస్తకంలో పాఠశాల కూడా ఉన్నది. ప్రధానోపాధ్యాయుడు ఆ కుర్రవాణ్ణి పిలిచి, చెట్టెక్కి కొమ్మలు విరిచి చీపురు కట్టుకుని బడి అంతా ఊడ్వమంటాడు. అది నీ కులవృత్తే కదా అన్నది ఆ ఆజ్ఞలోని తర్కం. గదులు, వరండాలు అయిన తరువాత విశాలమైన ఆటస్థలం. తక్కిన పిల్లలు లోపల కూర్చుని చదువుకుంటుంటే ఇతడు దుమ్ములో ఊడుస్తూ ఉంటాడు. రెండు రోజులు గడిచినవి. మూడవనాడు మెల్లగా తరగతిలో వెళ్ళి కూర్చుంటే, మెడపట్టి ఈడ్చుకొచ్చి మళ్ళీ చీపురు చేతికిచ్చినారు. అటుగా వెళుతున్న తండ్రి ఆ దృశ్యం చూసినాడు. కొడుకు చేతిలోని చీపురు లాగి దూరంగా విసరివేసినాడు. అక్షరం రాని ఆ మనిషి ఆ బడిలో ఆ రోజు చెప్పిన పాఠం, లోపల జరుగుతున్న ఏ పాఠానికీ తీసిపోదు.

దీనికి అర్ధశతాబ్దికి పూర్వం, సతారాలో, మరొక విద్యార్థి గోనెపట్టా మీద కూర్చుని చదువుకున్నాడు. బడిని శుభ్రంచేసే నౌకరు ఆ గోనెను తాకడు. కనుక ఆ పిల్లవాడు సాయంత్రం దానిని చుట్టి ఇంటికి తీసుకుపోయి, మరునాడు మళ్ళీ తెచ్చుకోవలసి ఉండేది. డాక్టర్ అంబేద్కర్ తన జ్ఞాపకాలలో వ్రాసిన ఈ సంగతి ప్రసిద్ధమైనదే. ఇక్కడ గమనించదగినది ఒకటి ఉన్నది. గోనెలో మురికి లేదు. అయినా బడిలోని చెత్తనంతా ఎత్తే చేయి దానిని ఎత్తలేదు. ఏది మలినం, ఏది కాదు అన్న నిర్ణయం కంటికీ ముక్కుకూ సంబంధించినదిగా పైకి కనిపిస్తుంది. ఆ బడిలో దాని కొలత వేరే చోట ఉన్నది.

ఇక రెండవ పక్షాన్ని చూడవలె. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వెళ్ళిన గాంధీ అక్కడి మరుగుదొడ్ల దుర్గంధాన్ని చూసి స్వచ్ఛందసేవకులను అడిగితే, అది మా పని కాదు, పాకీవాడి పని అన్నారట. ఆయన చీపురు తెచ్చుకుని తనకు కావలసినంతమేరకు తానే శుభ్రం చేసుకున్నారు. మిగిలినవి అలాగే ఉండిపోయినవి. ఆ చీపురు తరువాత ఆయన ఆశ్రమాలన్నిటిలోకి వెళ్ళినది. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసమావేశంనుండి, జాకిర్ హుసేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం నివేదికనుండి నయీ తాలీమ్ రూపుదిద్దుకున్నది. సేవాగ్రామంలో ఆశాదేవి, ఆర్యనాయకం దంపతుల పర్యవేక్షణలో నడిచిన పాఠశాలలో సఫాయి అన్నది పాఠాలకు బయటి పని కాదు. వడకడం, వండడం, సాగుచేయడం ఎలాగో అదీ అలాగే. విద్యార్థితోపాటు గురువు కూడా పారపట్టేవాడు. వచ్చిన ఉత్తరాల కవర్లను విప్పి లోపలి తెల్లని భాగంమీద గాంధీ వ్రాసుకునే అలవాటు అందరికీ తెలిసినదే. సమీపంలోని పవనార్‌నుండి వినోబా 1946 తరువాత అనేక మాసాలపాటు సుర్‌గావ్ గ్రామానికి ప్రతిరోజూ నడిచివెళ్ళి, వీధులలోని మలం ఎత్తి మట్టి కప్పేవారు. బ్రాహ్మణకుటుంబంలో పుట్టిన ఒక పండితుడు, భుజంమీద పార, ఏ ఉపన్యాసమూ లేకుండా, ప్రతి ఉదయమూ.

బర్లాలో విసరివేయబడిన చీపురు, సేవాగ్రామంలో చేతికందిన చీపురు ఒకటే. రెండూ బడిలోనివే. ఒకచోట అది అవమానం, మరొకచోట విద్య. వస్తువు ఒకటే అయినప్పుడు, చేసే పని ఒకటే అయినప్పుడు, తేడా ఎక్కడినుండి వచ్చినది?

వంతులో ఉన్నదనడం తేలిక. అందరికీ వంతు వస్తే న్యాయం, ఒక్కడికే వస్తే అన్యాయం. జపానులో పిల్లలు తమ తరగతులను తామే తుడుచుకుంటారని, అక్కడ సాగినది ఇక్కడ ఎందుకు సాగదని ప్రశ్నించేవారు ఈ సమాధానంతో తృప్తిపడతారు. ఇందులో సగం నిజం ఉన్నది. కాని సమానమైన వంతు సమానమైన బరువు కాదు. సోమవారంనాడు చీపురు పట్టిన వర్తకుని కొడుక్కి అది ఒక గంట పని. పని అయిపోగానే చేతులు కడుక్కుంటాడు, పని కూడా కడుక్కుపోతుంది. మంగళవారంనాడు చీపురు పట్టిన పాకీకులపు పిల్లవానికి అది గంటతో పోదు. తాతలనుండి ఆ చేతిలో ఉన్నదే మళ్ళీ చేతికి వచ్చినది. పైగా సోమవారం వాడికి దక్కిన ప్రశంస వీడికి దక్కదు. ఒకడు చేస్తే సేవ, ఇంకొకడు చేస్తే అలవాటు! బిడ్డను బడికి పంపిన తల్లి, ఏ చీపురునుండి తప్పించడానికి పంపిందో ఆ చీపురే అక్కడ ఎదురైనదని కన్నీళ్ళు పెట్టుకుంటే, శ్రమ గౌరవాన్ని గూర్చి ఆమెకు ఉపన్యసించే హక్కు ఎవరికీ లేదు.

కనుక వంతు ఒక్కటే చాలదు. వంతు ఎవరితో మొదలవుతుందన్నది దానికంటె ముఖ్యం. సేవాగ్రామపు చీపురుకు విద్య అన్న పేరు తగినదంటే, ఎన్నడూ చీపురు పట్టని వంశాలవారు, అందులోనూ పెద్దలు, గురువులు మొదట పట్టినందువల్లనే తగినది. బర్లాలోని ప్రధానోపాధ్యాయుడు ఒక్కరోజు ఆటస్థలంలో ఒక మూల ఊడ్చి ఉంటే, ఆ తండ్రి చీపురు విసరివేసేవాడా? చెప్పలేము. కాని ప్రధానోపాధ్యాయునికి ఆ ఆలోచన తట్టడమే అసంభవం. ఆ అసంభవమే అక్కడి అన్యాయానికి కొలత.

ఇష్టం సంగతి మిగిలి ఉన్నది. దీనిని గూర్చి గాంధీ స్వయంగా చెప్పిన ఉదంతాన్ని మించిన సాక్ష్యం లేదు. 1898 ప్రాంతంలో, డర్బన్‌లోని ఇంట్లో, పంచమకులంలో పుట్టిన ఒక క్రైస్తవ గుమాస్తా వాడిన మూత్రపాత్రను ఎత్తవలసివచ్చినప్పుడు కస్తూర్బా ఏడుస్తూ మెట్లు దిగివచ్చినది. ఎత్తితే చాలదు, సంతోషంగా ఎత్తాలని భర్త పట్టుపట్టినారు. మాటామాటా పెరిగి ఆమెను గుమ్మందాకా ఈడ్చినారు. ఆత్మకథలో ఈ ఘట్టాన్ని ఆయన సిగ్గుతో వ్రాసుకున్నారు. కస్తూర్బా ఏడుపులో కులపు అసహ్యం ఉండవచ్చును, దానిని సమర్థించనక్కరలేదు. కాని బలవంతంగా చేతికిచ్చిన చీపురు, అది ఎంత ఉదాత్తమైన ఉద్దేశంతో ఇచ్చినదైనా, శిక్షకు చుట్టమే. నేటికీ ఆలస్యంగా వచ్చినందుకో, పాఠం అప్పగించనందుకో గది ఊడ్వమనే ఆచారం చాలా బడులలో ఉన్నది. ఊడ్వడం శిక్ష అని ఉదయం నేర్పి, ఊడ్వడం ఉత్తమధర్మమని మధ్యాహ్నం నేర్పితే, పిల్లలు ఉదయపు పాఠాన్నే నమ్ముతారు.

ఇంతవరకు ఎత్తే చేతిని గూర్చిన విచారం. ఎత్తినది ఎక్కడికి పోతుందన్నది దీనికి తోడయిన ప్రశ్న. ఇండోర్‌లో 1924నుండి 1931 వరకు పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్‌తో కలిసి, పొలంలోని పనికిరాని ఆకూ అలమూ, పశువుల పేడ, మూత్రం కలిసిన మట్టి, బూడిద పొరలుపొరలుగా పేర్చి, తడిపి, తిరగవేస్తూ సుమారు మూడు నెలలలో ఎరువుగా మార్చే పద్ధతిని స్థిరపరచినాడు. దేశమంతటా ఇండోర్ పద్ధతి అన్న పేరుతో ప్రచారమైనది అదే. రైతులే తన ఆచార్యులని ఆ శాస్త్రజ్ఞుడు చెప్పుకున్నాడు. రాలిన ఆకులు, కూరగాయల తొక్కలు, తినగా మిగిలిన అన్నం ఉన్న ఏ పాఠశాలలోనైనా ఇది సాధ్యమే. తేమ ఎక్కువైతే కుప్ప కంపుకొడుతుంది, తక్కువైతే మగ్గదు. గాలి ఆడేటట్లు తిరగవేయకపోతే పని ఆగిపోతుంది. సరిగా పేర్చిన కుప్పలో కొద్ది రోజులకే చేయి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఎవరూ నిప్పు పెట్టని కుప్ప తనంతతాను కాగడం చూసిన పిల్లవానికి, కంటికి కనిపించని జీవులు ఉన్నాయని పుస్తకం చెప్పనక్కరలేదు. మూడు నెలల తరువాత అదే కుప్పలోనుండి వాన తడిపిన మట్టి వాసన వస్తుంది. పారవేసినది ఏమైపోయిందో మొదటినుండి చివరివరకు కళ్ళతో చూడగలిగిన వ్యర్థం పాఠశాలలో ఇది ఒక్కటే.

అయితే మూడు నెలలు కాచుకుని కూర్చునే ఓపిక తనిఖీలకూ లేదు, పోటీలకూ లేదు. 1991లో పర్యావరణాన్ని విద్యాలయాలలో తప్పనిసరి పాఠ్యవిషయం చేయవలసినదని సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత ఆ విషయానికి పుస్తకం వచ్చినది, పరీక్ష వచ్చినది, ప్రదర్శన వచ్చినది. ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ అన్న పోటీ ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ ప్రతి పట్టణపు బడికీ సుపరిచితం. పోటీ ముందురాత్రి తండ్రి బజారుకు పరుగెత్తి రంగుకాగితాలు, జిగురు, మెరుపుపొడి, థర్మోకోల్ పలక కొనుక్కొస్తాడు. ఖాళీ సీసా కావలసివస్తే నిండు సీసా కొని, లోపలిది ఒలకబోస్తారు. తల్లి తెల్లవారేవరకు కూర్చుని దీపపు బుడ్డి చేస్తుంది. మరునాటి సాయంత్రానికి బహుమతి ఇంటికి, దీపపు బుడ్డి చెత్తకుప్పకు. వ్యర్థంనుండి అందాన్ని సృష్టించమంటే అందంకోసం వ్యర్థాన్ని సృష్టించడం మాత్రమే ఇందులో జరిగినది. 2022 జులై 1నుండి అమలులోకి వచ్చిన ప్లాస్టిక్ నిషేధపు జాబితాలో, ఒక్కసారి వాడి పారవేసే పళ్ళేలు, గ్లాసులు, గొట్టాలతోపాటు అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా చేరినదంటే, దానికి పాఠశాలల ప్రదర్శనలు ఇచ్చిన తోడ్పాటు తక్కువేమీ కాదు.

తడి, పొడి చెత్తలను వేరుచేయాలన్న నియమం దీనికంటె గంభీరమైనది. 2016లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన నియమావళి, చెత్త పుట్టినచోటనే దానిని వేరుచేసి ఇవ్వవలసిన బాధ్యతను పుట్టించినవారిమీదనే పెట్టినది. న్యాయమైన సూత్రమే. వేరుచేయడమంటే పేరు తిరిగి ఇవ్వడం కదా! పుణేలో 1993లో ఏర్పడిన చెత్త ఏరుకునేవారి సంఘం పేరు ‘కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్’: కాగితం, గాజు, రేకు కష్టజీవుల సంఘం. ఆ స్త్రీలు తమ వృత్తికి పెట్టుకున్న పేరులో చెత్త అన్న మాట లేదు. పాఠశాలకు ఆ సంఘంతో ఒక సంబంధం కూడా ఉన్నది. మహిళా విశ్వవిద్యాలయపు వయోజనవిద్యాశాఖవారు చెత్త ఏరే పిల్లలకు చదువు చెప్పబోయి, ఆ పిల్లల తల్లులతో కలిసి కుప్పలవెంట తిరిగి, కుప్పలో కలిసిపోయినదానిని ఏరుకోవడంకంటె ఇంటివద్దనే వేరుచేసి ఇచ్చినదానిని తీసుకుంటే ఆ బ్రతుకులు కొంత మారతాయని గ్రహించినారు. చదువు చెప్పడానికి వెళ్ళినవారు ముందుగా నేర్చుకోవలసివచ్చినది. ఒక బడిలో పిల్లలు పొడిచెత్తను వేరుచేయడం పాఠంగా నేర్చుకుంటున్న వేళకు, ఆ బడి గోడ అవతల మరొక పిల్లవాడు ఆ పనే బ్రతుకుతెరువుగా చేస్తూ ఉంటే, ఆ పాఠంలో వానిని గూర్చిన వాక్యం ఒకటైనా ఉండవద్దా?

మరి తొట్టిలో వేసినదంతా మళ్ళీ వస్తువై తిరిగివస్తుందన్న నమ్మకం పిల్లలకు కలిగించడం అంత నిజాయితీ కాదు. గాజును, లోహాన్ని ఎన్నిసార్లు కరిగించినా గాజే, లోహమే. కాగితం అలా కాదు. నానవేసి గుజ్జు చేసిన ప్రతిసారీ దాని నార పొట్టిదవుతుంది, కొన్ని జన్మలకు అట్టకు కూడా పనికిరాదు. ప్లాస్టిక్ సాధారణంగా తనకంటె తక్కువ రకం వస్తువుగానే మళ్ళీ పుడుతుంది; బిస్కెట్ పొట్లాలవంటి, పొరలు అతికిన రకాన్ని కొనేవాడే ఉండడు. చక్రంగా బొమ్మవేసి చూపే ఈ ప్రయాణం నిజానికి మెట్లు దిగడం. ప్రతి మెట్టు దగ్గరా ఒక మనిషి వంగి నిలబడి ఉంటాడు. అడుగుమెట్టు మీది మనిషికి తొడుగు లేని చేతులు, పొగ. తిరిగి వాడడం కంటె అసలు తక్కువ వాడడం ఎందుకు మేలన్న ప్రశ్నకు, నేల, నీరు, గాలి పేరుమీద చెప్పే సమాధానాలు ఉన్నవి. నీతి పేరుమీద చెప్పే సమాధానం ఇది: పుట్టని చెత్తను ఎవరూ ఎత్తనక్కరలేదు.

తక్కువ వాడడం ఈ దేశపు బడికి కొత్త విద్య కాదు. ఉత్తరాదిలో పిల్లలు తఖ్తీ అనే చెక్కపలకకు ముల్తానీమట్టి పూసి, ఎండలో ఊపి ఆరబెట్టి, రెల్లుకలంతో వ్రాసేవారు. సాయంత్రం కడిగివేస్తే మరునాటికి పలక కొత్తది. తెలుగుదేశంలో బలపంతో వ్రాసిన రాతిపలకను బొగ్గూ దొండాకూ రుద్ది నల్లబరచుకునేవారు. వేసవి సెలవులలో పాతపుస్తకాలలో మిగిలిన తెల్లకాగితాలను చించి, దబ్బనంతో కుట్టి చిత్తుపుస్తకం చేసుకోవడం అన్నచెల్లెళ్ళందరూ కలిసి చేసే పండుగవంటి పని. అన్న చదివిన వాచకం చెల్లెలికి, చెల్లెలినుండి పొరుగింటికి. ఇదంతా నిజమే, ముచ్చటైనదే. కాని దీనిని స్వర్ణయుగంగా వర్ణించేవారు, ఆ పిల్లలకు కాగితం వద్దనుకునే అవకాశం లేదని, కాగితమే లేదని మరిచిపోతారు. ప్రేమ్‌చంద్ 1933లో వ్రాసిన ‘ఈద్‌గాహ్’ కథలోని హామిద్‌ను చూడండి. జేబులో మూడు పైసలు. తక్కిన పిల్లలు కొన్న మట్టిబొమ్మలు ఇల్లు చేరిన కాసేపటికే పెంకులైనవి. రొట్టె కాల్చేటప్పుడు అవ్వ వేళ్ళు కాలకూడదని హామిద్ కొన్న పట్టకారు నిలిచినది. నాలుగేళ్ళో ఐదేళ్ళో ఉన్న పసివాని వివేకాన్ని మెచ్చుకోకుండా ఎవరూ ఉండలేరు. అయితే ఆ అవ్వ సంతోషంతో మాత్రమే ఏడ్చినదా? పసివాడికి ఆ వయస్సులో రాకూడని వివేకం వచ్చినదని కూడా ఏడ్చి ఉండదా? పొదుపును బీదపిల్లలకు బోధించేవారు ఆ కన్నీటిని రెండుసార్లు చదువుకోవలె. పొదుపు బోధించవలసినది మొహసీన్, మహమూద్‌లకు, అంటే బొమ్మ విరిగితే ఇంకొకటి కొనగలిగినవారికి.

అస్సాంలో గౌహతి సమీపాన పామోహీలో 2016లో మొదలైన అక్షర్ అన్న పాఠశాల ఈ విషయాలన్నిటినీ తలక్రిందులు చేసి చూపినది. చలికాలంలో చుట్టుపక్కల ఇళ్ళవారు వెచ్చదనంకోసం ప్లాస్టిక్ కాల్చేవారు. ఆ పొగ తరగతి గదులలోకి వచ్చేది. కాల్చకండని చెబితే మానినవారు లేరు. అప్పుడు పాఠశాల ఒక రుసుము విధించినది: ప్రతి విద్యార్థి వారానికి 25 ప్లాస్టిక్ వస్తువులు ఇంటినుండి తేవలె, ఇంట్లో ప్లాస్టిక్ కాల్చబోమని మాట ఇవ్వవలె. తెచ్చిన సంచులను సీసాలలో కూరి ఇటుకలవలె కట్టడాలకు వాడినారు. ఆ పిల్లలలో చాలామంది రాళ్ళక్వారీలలో పనిచేసేవారి బిడ్డలు. వారిలో కొందరు అంతకు ముందు తామూ ఆ పనికే పోతుండేవారు. ఊరివారందరూ పారవేసేదానిని ఉపాధ్యాయులు రుసుముగా రెండు చేతులతో పుచ్చుకోవడం అన్నది చిన్న విషయం కాదు. సతారాలో గోనెను తాకని చేతికి, ఇక్కడ పాలిథీన్ సంచిని లెక్కపెట్టి తీసుకునే చేతికి ఎంతో దూరం.

అయినా ఒక సందేహం తీరదు. చెత్తతో చెల్లింపు జరిగేచోట చెత్త నాణెమవుతుంది. నాణెం కరువు కావాలని ఎవరు కోరుకుంటారు? ఇరవై ఐదు లెక్క తప్పకుండా ఉండాలంటే ఇంట్లో ఇరవై ఐదు పుట్టవలసి ఉంటుంది. ఊరు పరిశుభ్రమై, చెల్లించడానికి ఏమీ దొరకని పిల్లవాడు వట్టిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడితే, ఆ బడి అతణ్ణి సగర్వంగా లోపలికి పిలవగలగాలి. వసూలు కాకపోవడమే విజయంగా గల రుసుము లోకంలో ఇంకెక్కడా ఉండదేమో. ఈ విచిత్రాన్ని పిల్లలకు విప్పి చెప్పినంతకాలం ఆ పద్ధతిలో దోషం లేదు. దానిని చూసి అనుకరించే తక్కిన బడులు ఇటుకలను లెక్కించుకుని మురిసిపోవడంలోనే ప్రమాదం ఉన్నది.

ప్లాస్టిక్ సంగతి ఎలా ఉన్నా, అన్నం సంగతి ప్రతి బడిలోనూ ప్రతి మధ్యాహ్నమూ తేలవలసినదే. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత ప్రభుత్వ పాఠశాలలలో వండిన భోజనం పెట్టడం విధి అయినది. ఒక వరుసలో కూర్చుని, ఒకే గుండిగలోని అన్నం తినడం ఈ దేశపు పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేని పాఠం నేర్పుతుంది. వండినది ఏ కులంవారన్న కారణంతో పిల్లలను లేపి తీసుకుపోయిన తల్లిదండ్రులు ఉన్నారన్నదే ఆ పాఠపు అవసరానికి సాక్ష్యం. చిన్నపిల్లలకు తిన్నంత వడ్డించి, కావలసివస్తే మారు అడగనిస్తే పళ్ళెంలో మిగిలేది స్వల్పం. మిగిలినది ఆవుకో, ఎరువుగుంటకో. తిన్న పళ్ళెం తినినవారే కడుక్కోవడం చాలాచోట్ల ఆచారంగా స్థిరపడినది. ఉపాధ్యాయుడు కూడా తన పళ్ళెం తానే కడుక్కునేచోట అది మరింత గట్టిగా నిలిచినది. ఎవరి ఎంగిలి వారిదే అయినప్పుడు జూఠన్ అన్న మాటకు ఆ ఆవరణలో అర్థం ఉండదు.

పళ్ళేలు కడగడం అయిన తరువాత, మాడు పట్టిన గుండిగ మిగులుతుంది. అది పిల్లల చేతులకు అందదు, ఉపాధ్యాయుల వంతుపట్టికలో దాని పేరు ఉండదు. బోరింగు దగ్గర దానిని బోర్లించి, కొబ్బరిపీచుతో, బూడిదతో తోమేది వంటచేసిన స్త్రీయే. 2009లో కేంద్రం ఆమెకు నిర్ణయించిన మొత్తం నెలకు 1000 రూపాయలు, సంవత్సరానికి పది నెలలు. కొన్ని రాష్ట్రాలు దానికి కొంత చేర్చి ఇస్తున్నవి. ప్రభుత్వపు కాగితాలలో దానికి వేతనమన్న పేరు లేదు. గౌరవవేతనమని వ్రాస్తారు.